పాత చిత్రలేఖన పతకం వెండిదా, కంచుదా?

ప్రశ్న: ముత్తాతగారికి విద్యార్థిగా బొమ్మలకు వచ్చిన పతకం నల్లబడింది. అంచున పేరుంది, వెండి ముద్రల్లేవు. ఏ లోహమో ఎలా తేల్చాలి? తోమొచ్చా?

జవాబు 1: తోమకండి, చెక్కిన పేరు అరిగిపోతుంది. ముందు తూచండి. తర్వాత దారంతో నీళ్లలో వేలాడదీసి, గిన్నెకు తగలకుండా తూచండి. 41.2 గ్రాములది 37.2 చూపితే తగ్గింది 4, 41.2ను 4తో భాగిస్తే సాంద్రత 10.3, స్టెర్లింగ్ (92.5 శాతం) వెండే. 8.8 దగ్గరైతే కంచు. పైన వెండి పూతున్నా అంతే వస్తుంది.

జవాబు 2: గాలి బుడగలు అంటుకుంటే అంకె తక్కువొస్తుంది. నీళ్లలో చుక్క సబ్బు ద్రవం కలపండి. రిబ్బన్ ముందే తీసేయండి.

జవాబు 3: పీవీసీ కవరులో దాచొద్దు, పచ్చటి జిగురు పడుతుంది. పడితే అసిటోన్‌తో పోతుంది, ఎనామిల్ రంగులుంటే మాత్రం వద్దు. రబ్బరు బ్యాండ్లూ దూరం: వాటి గంధకమే వెండిని నల్లబరుస్తుంది.