అప్‌డేట్: చాందాలో (అదే మహారాష్ట్ర చంద్రపూర్‌ల) హోటల్ కాదు, అపార్ట్‌మెంటే తీసుకున్నం

మొన్న అడిగిన కదా, సిరొంచ నుంచి అమ్మానాన్న, పిల్లలతోని చంద్రపూర్ పోతున్నం, హోటల్ల రెండు రూములు తీసుకోవాల్నా లేక రోజు కిరాయి అపార్ట్‌మెంటా అని. చానా మంది అపార్ట్‌మెంటే అన్నరు, అదే తీసుకున్నం, మస్తు మంచిగైంది. జట్‌పురా గేట్ దిక్కు చిన్న టూ బీహెచ్‌కే, రెండు హోటల్ రూములకన్నా తక్కువల పడ్డది, పైంగ వంటిల్లు ఉన్నది కాబట్టి నాన్న షుగర్ తిండికి తిప్పలు కాలే. ఓనర్ పెద్దమ్మ బల్లార్‌పూర్ ఆమె, తెలుగు వస్తది, మేము దిగంగనే కుండల నీళ్ళు, వేడి వేడి జొన్నరొట్టె పంపింది, అమ్మ ఆమెతోని మాట్లాడుకుంట కూసుంటే బయటికి తీస్కపోవుడే కష్టమైంది!

పొద్దుగాల్నే అంచలేశ్వర్ గుడికి పోండ్రి, పక్కకే గోండు రాజుల సమాధులు ఉన్నయి, బీర్‌షా రాజు సమాధి ఆయన భార్య రాణి హీరాయి కట్టించిందంట. అసొంటి రాతిపని మన దగ్గర్లనే పెట్టుకొని మనోళ్ళు తాడోబా అడవిల పులుల కోసమే ఉరుకుతరు, నాకైతే బాధనిపించింది. కోట గోడ, నాలుగు దర్వాజలు పిల్లలకు చూపెట్టుండ్రి. మహాకాళి గుడికి ఆటోల పోయినం.

అడ్వాన్స్ కట్టేముందు లిఫ్ట్ ఉన్నదా, కూలర్ నడుస్తదా అడగండి, అక్కడ ఎండ మామూలుగ ఉండది. చైత్రంల మహాకాళి జాతర ఉంటది, అప్పుడైతే ముందుగాలనే మాట్లాడి పెట్టుకోండి. సలహా ఇచ్చిన అన్నలకు, అక్కలకు శానా థ్యాంక్స్.