పిచ్చమ్మ అనే పేరుకి అసలు అర్థం ఏంటి? తెలిసినవాళ్ళు చెప్పండి

కందుకూరు_అమ్మాయి:
అందరికీ నమస్తే. మాది కందుకూరు పక్కన పల్లె. ఏ జిల్లా అని అడక్కండి, ముందు నెల్లూరు, 1970లో ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు, మేం మాత్రం ఉన్నచోటే ఉన్నాం. ఇప్పుడు ఉద్యోగాల వల్ల బెంగళూరులో ఉంటున్నాం. పాప పుట్టి రెండు నెలలైంది, ఇంకా పేరు పెట్టలేదు, ఎందుకంటే మా నాయన వాళ్ళమ్మ పేరు కలవాల్సిందేనని పట్టుబట్టి కూర్చున్నాడు. వాళ్ళమ్మ పేరు పిచ్చమ్మ.

ఈ మాట ఇంట్లో చెప్పగానే మా ఆయనకి (వాళ్ళది విశాఖ) నవ్వాగక కాఫీ పొలమారింది. అత్తయ్యగారు నవ్వలేదు గానీ, "పిల్లకి పిచ్చి అని ఎవరైనా పేరు పెడతారా అమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. మా నాయనమ్మ చదువుకోలేదు గానీ ఇరవై మంది చీటీ లెక్క నోటితో చెప్పేది, ఎవరు ఎన్ని నెలలు బాకీయో ఒక్క రూపాయి తప్పేది కాదు. ఆమెకి పిచ్చి అని పేరెందుకు పెడతారు? మా ఊళ్ళో డెబ్బై దాటిన పిచ్చమ్మలు ఇంకో ఇద్దరున్నారు, నాతో చదివినవాళ్ళలో మాత్రం ఒక్కరూ లేరు. అసలు ఈ పేరు ఎక్కడిది, ఎందుకు పోయింది? పాప పేరులో ఎలాగైనా కలపడానికి దారుందా?

నెల్లూరి_కుర్రోడు:
అక్కా, ఇందులో టెన్షన్ పడాల్సిందేం లేదు. మన నెల్లూరోళ్ళకి పిచ్చి అంటే తిట్టు కాదు, అవధూతలని అలాగే పిలుస్తారు. గొలగమూడి వెంకయ్య స్వామిని మొదట్లో పిచ్చి వెంకయ్య అనే అనేవాళ్ళంట, మా జేజి చెప్పేది. ఆయన మీద భక్తితోనే పిచ్చమ్మ, పిచ్చయ్య అని పెట్టుకుని ఉంటారు. మీ అత్తగారికి ఈ మాట చెప్పు, దండం పెడతారు.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:
నాయనా, భక్తి మంచిదే, లెక్క మాత్రం కుదరలేదు. స్వామి సమాధి చెందింది 1982లో. ఈ అమ్మాయి నాయనమ్మ అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పుట్టి, పెళ్ళయి, పిల్లల్ని కని ఉంటుంది. పైగా గుంటూరు, కృష్ణా వైపు కూడా పిచ్చయ్యలు బోలెడంత మంది. బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు తీసుకున్న జమ్మలమడక పిచ్చయ్య గారు, రచయిత అట్లూరి పిచ్చేశ్వరరావు గారు ఆ వైపు వాళ్ళే.

అమ్మా, ఆ పేరులో ఉన్నది పిచ్చి కాదు, బిచ్చం. భిక్ష అన్న సంస్కృత మాటే తెలుగులో బిచ్చం అయింది. లక్ష్మి లచ్చి అయినట్టు ఇక్కడా "క్ష" పోయి "చ్చ" వచ్చింది. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం, మాట మొదట్లో ప అనే పలుకుతారు, అందుకని వాళ్ళకి బిచ్చం "పిచ్చై" అయింది. గూగుల్ సుందర్ పిచాయ్ పేరులో ఉన్నదీ అదే, ఆయన్ని చూసి ఎవరూ నవ్వడం లేదు కదా. మన నెల్లూరు, ఒంగోలు వైపు అరవ గాలి ఎప్పుడూ ఉన్నదే, బిచ్చమ్మ పిచ్చమ్మ అయిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. దేవుడు భిక్షగా పెట్టిన బిడ్డ అని అర్థం. తర్వాత రోజుల్లో బిచ్చం సంగతి జనం మరిచిపోయి, చెవికి పిచ్చి ఒక్కటే వినపడటం మొదలైంది, ఆ పేరుకి జరిగిన అన్యాయం అంతా అదే.

బిడ్డలు పుట్టి పుట్టి పోతుంటే ఇలాంటి పేర్లు పెట్టేవాళ్ళు. పెంటమ్మ, పుల్లమ్మ కూడా ఆ కోవలోవే. పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటమ్మ, ఎంగిలి విస్తళ్ళ మీద అంటే పుల్లాకుల మీద దొర్లిస్తే పుల్లమ్మ. నెల్లూరు నుంచి దక్షిణానికి పోతే కుప్పమ్మ, కుప్పుస్వామి ఉంటారు, అరవంలో కుప్పై అంటే చెత్త. త్యాగరాజస్వామి శిష్యుడు వీణ కుప్పయ్యర్ పేరు ఎంత గొప్పగా వినపడుతుందో చూడండి. పనికిరానిదని పేరు పెడితే మృత్యువు కన్ను పడదని వాళ్ళ ఆశ.

నల్గొండ_బిడ్డ:
మాస్టారు చెప్పింది నిజమే అన్నా, మా దిక్కు ఇదే పేరు వేరే వేషంలో ఉంటది. భిక్షమయ్య, భిక్షమమ్మ, భిక్షపతి. మా పెదనాయన భిక్షపతి, ఆయనకు ముందు ఇద్దరు పోయిన్రు. శ్రీకాకుళం వైపు తవిటయ్య, తవిటమ్మ ఉంటారని అక్కడి దోస్తు చెప్పిండు, తవుడు ఇచ్చి కొనుక్కున్నట్టు చేస్తరంట.

మొహమాటం_లేదు:
అర్థం ఎంత గొప్పదైనా పెట్టకండి. క్లాసులో టీచర్ అటెండెన్స్ పిలిచిన ప్రతిసారీ మీరు వెళ్ళి భిక్షం, బిచ్చం, అరవం అని వివరిస్తారా? నాయనమ్మ మీద ప్రేమ ఉంటే ఫోటోకి దండ వేయండి. పాప జీవితాంతం మోయాల్సిన పేరు అది, మీ నాయన కాదు మోసేది.

దర్శి_పిచ్చమ్మ:
ఇంతమంది పిచ్చమ్మ గురించి మాట్లాడతా ఉంటే నేను ఊరుకుంటే బాగుండదు, నేనే పిచ్చమ్మని. యాభై మూడేళ్ళు. దర్శి దగ్గర పల్లెలో అంగన్‌వాడీ టీచర్‌ని. మా అబ్బాయి ఫోన్లో తెలుగు పెట్టిచ్చాడు, తప్పులుంటే సర్దుకోండి.

నాకు ముందు మా అమ్మకి ఇద్దరు మగపిల్లలు. ఒకడు తట్టు పోసి పోయాడు, ఇంకొకడు విరేచనాలతో, వాడికి ఇంకా ఏడాది కూడా నిండలేదంట. నేను కడుపులో ఉన్నప్పుడే మా అమ్మమ్మ మొక్కుకుంది. నేను పుట్టి పురుడు వెళ్ళగానే మా అమ్మ కొంగు పట్టుకుని ఏడిళ్ళు తిరిగింది, మాకు నాలుగెకరాలు ఉండి కూడా. ఒకరు చారెడు బియ్యం, ఒకరు పావలా, ఒకరు పాత చీర ముక్క. ఆ బియ్యం జావ కాచి మొదట నా నోటికి అంటించింది, ఆ చీర ముక్కలోనే నన్ను పడుకోబెట్టింది. వచ్చిన చిల్లరతో రాగి కడియం చేయించి కాలికి వేశారు. సొంత డబ్బుతో ఒక్కటి కూడా కొనకూడదంట, ఈ పిల్ల మాది కాదు, అడుక్కొచ్చుకున్నది అని చెప్పుకోవాలి. నేను బతికాను. నా తర్వాత ఇద్దరు పుట్టారు, వాళ్ళకి పద్మ, శ్రీనివాసులు అని మామూలు పేర్లే పెట్టుకున్నారు, ఇక భయం తీరింది కదా.

ఏడిపించారా అంటే ఏడిపించారు. హైస్కూల్లో పిచ్చాసుపత్రి అని పిలిచేవాళ్ళు. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు మేనత్త ఒకామె పేరు మార్చుకుంటావా అమ్మా అని అడిగితే మా అమ్మ కూర్చున్నచోటు నుంచి లేచి, ఈ పేరు మారిస్తే నా బిడ్డని మళ్ళీ పోగొట్టుకున్నట్టే, మీరు వెళ్ళి రండి అంది. (ఆ సంబంధం కుదరలేదు. కుదరకపోవడమే మంచిదైంది.) ఇంగ్లీషు స్పెల్లింగ్ ఇంకో గోల. ఆధార్‌లో మధ్యలో "టి" ఉంది, బ్యాంకు పుస్తకంలో లేదు, దానికోసం మూడుసార్లు తిరిగాను. మా అబ్బాయి క్రికెట్ పిచ్ అమ్మా అని పిలుస్తాడు.

పేరు ఎందుకు పోయిందని అడిగావు కదా తల్లీ. నా రిజిస్టర్‌లో ఇరవై ఏళ్ళ నుంచి పేర్లు రాస్తున్నాను, హన్విక, సహస్ర, ఆద్య తప్ప ఒక్క పిచ్చమ్మ రాలేదు. మశూచి 1975 తర్వాత మన దేశంలో లేదు. తట్టుకి తొమ్మిదో నెలలో సూదేస్తున్నాం, విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ నా దగ్గరే ఉంటుంది. పిల్లలు బతుకుతున్నారు, అడుక్కొచ్చుకోవాల్సిన అవసరం ఎవరికుంది? మా పేరు వాడుకలో లేకపోవడం నాకేం బాధగా లేదు. దాన్ని పిచ్చి అనుకుని నవ్వితేనే బాధ.

రిటైర్డ్_తెలుగు_మాస్టారు:
అమ్మా పిచ్చమ్మా, మా అందరికంటే నువ్వే బాగా చెప్పావు.

కందుకూరు అమ్మాయీ, ఒక మాట తోచింది. సుభిక్ష అని పెట్టి చూడండి. సుభిక్షం అంటే పంటలు బాగా పండి తిండికి లోటు లేకపోవడం అని అందరికీ తెలుసు, కానీ మాటని విడదీస్తే భిక్ష సులువుగా దొరికే కాలం. దొరకనిది దుర్భిక్షం. పిచ్చమ్మలో ఉన్న భిక్షే ఇందులోనూ ఉంది, స్కూల్లో ఎవరూ నవ్వరు.

నెల్లూరి_కుర్రోడు:
పిచ్చ బాగుంది మాస్టారూ! (ఈ పిచ్చ ఏ పిచ్చో మీరే చెప్పాలి.) నా గొలగమూడి కథ వెనక్కి తీసుకుంటున్నాను.

కందుకూరు_అమ్మాయి:
రెండు రోజులు ఇటు రాలేకపోయాను, పాపకి జలుబు. దర్శి పిన్నీ, మీరు రాసింది మా అత్తయ్యగారికి గట్టిగా చదివి వినిపించాను. ఆమె ఏం మాట్లాడలేదు, కాసేపటికి వచ్చి వాళ్ళ పుట్టింట్లో ఒక తవిటమ్మ ఉండేదని, ఆ పేరు ఎందుకో తను ఎప్పుడూ అడగలేదని చెప్పారు. సుభిక్ష ఆమెకి నచ్చింది. మా ఆయనకీ నచ్చింది. మా నాయన మాత్రం "కాగితంలో ఏమన్నా రాసుకోండి, నేను పిచ్చమ్మా అనే పిలుస్తా" అన్నాడు. పిలవనీ.

ఇంకో సంగతి. రాగి కడియం అని చదవగానే నాకు గుర్తొచ్చింది, నాయనమ్మ ట్రంకు పెట్టెలో అడుగున చిన్న రాగి చుట్ట ఒకటి ఉండేది. పాత సామాన్ల వాడికి బిందెలు, చెంబులు వేసేటప్పుడు కూడా దాన్ని ముట్టుకోనిచ్చేది కాదు. నేను అది ఏదో గొళ్ళెం అనుకున్నాను. ఫోన్ చేసి అడిగితే నాయన పెట్టె తీసి చూశాడు, కడియమే. అంత చిన్నది పెద్దవాళ్ళ చెయ్యి పట్టదు, పసిబిడ్డ కాలిదే. నాయనమ్మకి ముందు పోయినవాళ్ళు ముగ్గురంట, ఆ సంగతి మా నాయన కూడా మొన్న మా మేనత్తని అడిగి తెలుసుకున్నాడు. వచ్చే నెల నామకరణానికి తీసుకొస్తానన్నాడు.

మొహమాటం_లేదు:
సరే, సుభిక్ష అయితే నాకూ అభ్యంతరం లేదు. బర్త్ సర్టిఫికెట్ పేరు లేకుండా తీసుకుని ఉంటే ఏడాదిలోపు చేర్పించేయండి, ఫీజు ఉండదు. తర్వాతైతే ఫీజు కట్టాలి, అదీ పదిహేనేళ్ళ వరకే. స్పెల్లింగ్ ఒక్కసారే ఆలోచించి రాయించండి, పిన్నిగారిలా మూడుసార్లు తిరగొద్దు.

దర్శి_పిచ్చమ్మ:
చల్లగా ఉండు తల్లీ. ఆ కడియం చింతపండుతో తోమి, ఎండలో ఆరబెట్టి, అంచులు గీరుకోకుండా చూసుకుని వెయ్యి. బిగుతుగా ఉంటే బలవంతం చెయ్యొద్దు, ఉయ్యాలకి కట్టినా చాలు.