రోజూ కారు నడిపే రోగిని ‘హోమ్‌బౌండ్’ అని రాయవచ్చా?

గృహసేవా నర్సు:
నేను అమెరికాలో మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) రోగుల ఇళ్లకు వెళ్లి సేవ చేస్తాను. మధుమేహం వల్ల ఎడమ మడమకు పుండు పడిన ఒక పెద్దావిడకు వారానికి మూడుసార్లు కట్టు మారుస్తున్నాను. మొన్న నేను వెళ్లేసరికి ఆవిడ అప్పుడే కారు దిగి, వాకర్ జోలికి పోకుండా గోడ పట్టుకుని మెట్లెక్కుతున్నారు. మనవణ్ణి రోజూ బడి నుంచి తానే తీసుకొస్తున్నానని దాపరికం లేకుండా చెప్పారు. ఈ సేవ ‘హోమ్‌బౌండ్’ రోగులకే, అంటే ఇల్లు కదలలేని స్థితిలో ఉన్నవారికే. ఆవిడ ఇల్లు కదలలేరని వెళ్లిన ప్రతిసారీ రాసింది నేనే. నిజం రాస్తే సేవ ఆగిపోతుంది, ఇప్పుడిప్పుడే పూడుతున్న పుండును చూసేవారు ఆ ఇంట్లో లేరు. పై అధికారిణి మాత్రం, చూసినదంతా రాయనక్కర్లేదన్నారు. నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు.

రికార్డుల సమీక్షకురాలు:
మంచం పట్టినవారే అర్హులని నిబంధనలో ఎక్కడా లేదు. బయటికి వెళ్లాలంటే వాకర్ వంటి సాధనమో, ప్రత్యేక వాహనమో, మరొకరి తోడో కావాలి, లేదా వెళ్లడం ఆరోగ్యానికి హానికరమై ఉండాలి. దానితో పాటు, మామూలుగా ఇల్లు కదలలేని స్థితిలో ఉండి, కదిలితే చాలా ప్రయాస పడాలి. వైద్యానికి, డయాలసిస్‌కు, ప్రార్థనకు వెళ్లినంత మాత్రాన అర్హత పోదు. ఎప్పుడైనా క్షవరానికి వెళ్లివచ్చినా పోదు. అయితే రోజూ కారు నడపడాన్ని ఆ కోవలో చేర్చలేము. తెలిసి దాన్ని దాచి బిల్లు పంపితే అది తప్పుడు క్లెయిమే అవుతుంది, సంతకం మీదే ఉంటుంది.

ఒక రోగి కుమారుడు:
సమీక్షకురాలు గారూ, నిబంధన సరే, దాని బరువు ఎవరి మీద పడుతోందో కూడా చూడండి. ఇంటికి వచ్చే నర్సుకు రోగి రుసుము కట్టనక్కర్లేదు. అదే కట్టు క్లినిక్‌లో మార్పించుకుంటే, వేరే బీమా లేనివారు సాధారణంగా 20 శాతం భరించాలి. మా నాన్నగారికి పార్కిన్సన్స్. మెరుగుదల లేదని సేవ ఆపబోతే, మెరుగుపడటం షరతు కాదని స్పష్టం చేసిన 2013 నాటి జిమ్మో కేసు ఒప్పందాన్ని చూపించి నిలుపుకున్నాము. అందుకే, ఆపే ముందు మరోసారి ఆలోచించమంటున్నాను.

గృహసేవా నర్సు:
ఇద్దరి మాటా నాకు ఉపయోగపడింది. అయితే జిమ్మో ఒప్పందం ఇల్లు కదలలేని స్థితి అనే షరతును తీసివేయలేదు కనుక, ఈవిడకు అది అండ కాదు. నిన్న చూసినది చూసినట్టే రాశాను: కారు, మెట్లు, గోడ, ఎక్కాక ఆయాసం తగ్గడానికి పట్టిన నాలుగు నిమిషాలు. తర్వాత డాక్టరు గారికి ఫోన్ చేసి, క్లినిక్‌లో తొలి అపాయింట్‌మెంట్ ఖాయమయ్యాకే మా సేవ ముగించేలా కోరాను, ఆయన ఒప్పుకున్నారు. ఆ 20 శాతం సంగతి ఆవిడకు ముందే చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు, ఆ తర్వాత కట్టు ఎలా కట్టాలో మనవడి తల్లికి నేర్పమని అడిగారు. రేపు సాయంత్రం నేర్పడానికి వెళ్తున్నాను.