అప్‌డేట్: ముఖం కూజాలు దయ్యాలను తరమడానికేనా?

అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రంలోని ఎడ్జ్‌ఫీల్డ్ ముఖం కూజాలు, అంటే మనిషి ముఖం చెక్కినట్టుండే మట్టి కూజాలు, సమాధుల దగ్గర దయ్యాలను తరమడానికి చేసినవేనా అని మొన్న అడిగాను కదా. జవాబులిచ్చిన అందరికీ థ్యాంక్స్. మీరు చెప్పినవి పట్టుకుని చదివితే విషయం చాలా లోతుగా ఉంది.

1893లో కుండల చరిత్ర రాసిన ఎడ్విన్ బార్బర్ మాట చూస్తే, అక్కడి థామస్ డేవిస్ కుండల కార్ఖానాలో నల్లజాతి పనివాళ్లు 1862 ప్రాంతంలో తీరిక వేళల్లో చేసిన నీళ్ల కూజాలివి. దయ్యాల ప్రస్తావన అందులో లేదు. వీటిలో సారా పోసిపెట్టి, పిల్లలు దాన్ని ముట్టకుండా భయపెట్టడానికి ముఖాలు చేశారన్న కథ కూడా నాకు తర్వాత అల్లినట్టే ఉంది.

నన్ను కట్టిపడేసింది ఆ కళ్లూ పళ్లూ. ఒళ్లంతా కట్టెల బూడిదతో చేసిన ఆకుపచ్చ, గోధుమ రంగుల గ్లేజు (మెరిసే పూత), కళ్లకూ పళ్లకూ మాత్రం గ్లేజు పూయని తెల్ల కేయోలిన్ మట్టి. కాంగో ప్రాంతంలో తెల్లమట్టి చనిపోయినవాళ్ల లోకానికి గుర్తు. 1858లో, బానిసల దిగుమతి నిషేధించిన యాభై ఏళ్లకు, వాండరర్ ఓడ 400 మందికి పైగా ఆఫ్రికన్లను జార్జియా తీరంలో దొంగచాటుగా దించింది. వాళ్లలో కొందరిని ఎడ్జ్‌ఫీల్డ్‌కు తెచ్చారు. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఈ కూజాల మూలం ఆఫ్రికాయే అన్న వాదనే నాకు బలంగా అనిపిస్తోంది.

జార్జియాలో మీడర్స్ కుటుంబం లాంటి తెల్లజాతి కుమ్మరులు పేరు తెచ్చుకున్నది ఆ తర్వాతే.