అప్‌డేట్: ఉప్పునీటి ట్యాంకులో తెల్ల చుక్కల సమస్య తీరింది

హైదరాబాద్‌లో మా ఇంటి ట్యాంకులో క్లౌన్ చేపలకు, టాంగ్ చేపకు ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయని, తిండి మానేశాయని అప్పుడు అడిగాను కదా. ఇప్పుడు అన్నీ బాగా తింటున్నాయి. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"ముందు అది ఏ పురుగో తేల్చుకోండి" అన్న మాటే పనిచేసింది. చేపల డాక్టర్ చర్మం మీది జిగురు కొద్దిగా గీసి మైక్రోస్కోప్‌లో చూపించారు. అంచు నిండా సన్నటి నూగుతో, నెమ్మదిగా దొర్లుతున్న గుండ్రటి జీవి. క్రిప్టోకారియాన్, అంటే మెరైన్ ఇక్ అనే తెల్ల చుక్కల రోగం తెచ్చే పరాన్నజీవి. ఇలాగే చుక్కలు తెచ్చే వెల్వెట్ అనే ఇంకో రోగం కాదని తెలిశాక టెన్షన్ సగం తగ్గింది, అది ఇంకా వేగంగా చంపేస్తుంది.

చుక్కలు లేనివాటితో సహా చేపలన్నిటినీ రాళ్లూ ఇసుకా లేని వేరే ట్యాంకులోకి మార్చి, చీలేటెడ్ కాపర్ (రాగి మందు) మెల్లగా పెంచుతూ 2.5 పీపీఎం (లీటరుకు సుమారు 2.5 మిల్లీగ్రాముల రాగి) దగ్గర నెల రోజులు ఉంచాం, రోజూ టెస్ట్ కిట్‌తో రాగి మోతాదు చూసుకుంటూ. మెయిన్ ట్యాంకులో మాత్రం కాపర్ వేయకండి, పగడాలు, రొయ్యలు బతకవు. చేపలు దొరక్క పురుగు చచ్చిపోయేలా ఆ ట్యాంకును 76 రోజులు చేపలు లేకుండా వదిలేయమన్నారు. చుక్కలు రాలిపోతే రోగం పోయినట్టు కాదు, పురుగు అడుగున గూడు కట్టుకుని మళ్లీ పిల్లలతో వస్తుంది.

తిండిలో వెల్లుల్లి, చేపల ఒంటి మీది పురుగుల్ని తింటుందని చెప్పే క్లీనర్ రొయ్య వల్ల తేడా ఏమీ రాలేదు. మంజీరా నీళ్లా, బోరు నీళ్లా అన్న చర్చకూ దీనికీ సంబంధం లేదు. ఇది కొత్త చేపతోనో, పగడపు రాయితోనో లోపలికి వస్తుంది.