‘ఏఎండీ64’ను తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న: ఒక ఆపరేటింగ్ సిస్టమ్ దింపుకోలు పుటను తెలుగు చేస్తూ ‘ఏఎండీ64’ అన్న చోట ‘ఏఎండీ ప్రాసెసర్లకు’ అని రాశాను. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్నవారు తమకు తగిన ఫైలు అక్కడ లేదనుకుంటున్నారు. సరైన మాట ఏమిటి?

సమాధానం: మీరు పేరులోని అవయవార్థాన్ని (మాట ముక్కలు ఇచ్చే అర్థాన్ని) అనువదించారు, అక్కడ నడుస్తున్నది రూఢ్యర్థం (వాడుకలో స్థిరపడిన అర్థం). ‘తైలం’ అన్న మాటనే తీసుకోండి. తిలల నుంచి, అంటే నువ్వుల నుంచి వచ్చినది కనుక తైలమైంది. అయినా నీలగిరి తైలంలో నువ్వులు ఉంటాయని ఎవరూ అనుకోరు. ‘ఏఎండీ64’ కథ కూడా ఇదే. ఎక్స్86 అనే ప్రాసెసర్ కుటుంబపు 32-బిట్ ఆదేశాలను 64-బిట్‌కు విస్తరించినది ఏఎండీ సంస్థ. ఆ పద్ధతిలో తొలి ప్రాసెసర్ ఆప్టెరాన్ 2003లో వచ్చింది. మరుసటి ఏడాదే ఇంటెల్ కూడా దాదాపు అవే ఆదేశాలను స్వీకరించింది. అప్పటికే కొన్ని వ్యవస్థల్లో తొలి పేరు స్థిరపడిపోయింది కనుక, ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో కూడా విండోస్ తన ఆర్కిటెక్చర్‌ను (ప్రాసెసర్ రకాన్ని) ఏఎండీ64 అనే చెబుతుంది.

లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) దీన్నే ఎక్స్86_64 అంటుంది. లినక్స్ ఆధారిత వ్యవస్థ అయిన డెబియన్ మాత్రం ఏఎండీ64 అని రాస్తుంది. ఆ వ్యవస్థలో ప్యాకేజీ ఫైలు పేరు, వెర్షన్, ఆర్కిటెక్చర్ అన్న మూడింటినీ విడదీసేది అండర్‌స్కోర్ గుర్తే కనుక, ఆర్కిటెక్చర్ పేరులోనే మరొక అండర్‌స్కోర్ ఉంటే ఆ విభజన చెడుతుంది.

ఇక్కడే మరొక ప్రమాదాన్ని చెప్పాలి. ‘ఇంటెల్ 64’, ‘ఐఏ-64’ అన్న రెండు పేర్లనూ ‘ఇంటెల్ 64-బిట్’ అని తెలిగిస్తే చదువరికి తేడా తెలియదు. మొదటిది ఏఎండీ64కు ఇంటెల్ పెట్టుకున్న పేరు; రెండవది ఇటానియం ప్రాసెసర్లది, దాని ఆదేశాలు పూర్తిగా వేరు.

మరొక సభ్యుని ప్రశ్న: ఎక్స్86, ఎక్స్64 (ఏఎండీ64కే మరొక పేరు) పక్కపక్కన ఉంటే 86 పెద్దది కదా అన్న సందేహం వస్తుంది.

సమాధానం: ఆ సందేహం సహజమే, ఎందుకంటే రెండు అంకెలూ ఒకే జాతివి కావు. 1978 నాటి 8086 తరువాత 80286, 80386 అంటూ వచ్చిన చిప్పులన్నిటికీ చివర 86 ఉండడం వల్ల, మారే భాగానికి ‘ఎక్స్’ పెట్టి కుటుంబమంతటినీ ఎక్స్86 అన్నారు. అంటే అది మోడల్ సంఖ్య. ఎక్స్64లోని 64 బిట్ల సంఖ్య. పైగా 8086 అసలు 16-బిట్ చిప్పు. 32-బిట్ 80386తో 1985లో వచ్చింది. విండోస్‌లో ఎక్స్86 అంటే 32-బిట్ అని అర్థం చేసుకోవడం కూడా రూఢియే.

కనుక ఈ పేర్లను సంజ్ఞలుగానే ఉంచి, పక్కన వివరణను మాత్రం తెలుగులో ఇవ్వండి: ‘ఏఎండీ64: ఇంటెల్, ఏఎండీ సంస్థల 64-బిట్ ఎక్స్86 ప్రాసెసర్లకు’.