టాంజానియా హైస్కూల్ పిల్లలకి ఇంగ్లీష్ మీడియం ఎందుకు?

గోదారిగట్టు:
మా అక్కా బావగారు మ్వాంజాలో ఉంటారు. విక్టోరియా సరస్సు ఒడ్డున, బండరాళ్ల మధ్య ఊరు. మూడు వారాలుండి వచ్చాను. పక్కింటి అమ్మాయి ఫారం వన్, మన లెక్కలో ఎనిమిదో తరగతి. బయాలజీ నోట్సు చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఫొటోసింథసిస్ మీద రెండు పేజీలు. ఇదేమిటో చెప్పమ్మా అంటే నవ్వి తల దించుకుంది. మా అక్క స్వాహిలీలో అడిగింది. ఆకు, ఎండ, నీళ్లు అంటూ గడగడా చెప్పేసింది!

అక్కడ సర్కారు బడిలో ఏడేళ్లు స్వాహిలీ మీడియం, ఇంగ్లీష్ ఒక సబ్జెక్టు మాత్రమే. ఎనిమిదో ఏట పాఠాలు, పరీక్షలు దాదాపు అన్నీ ఇంగ్లీష్‌లోకి మారిపోతాయి. స్వాహిలీనే పైదాకా కొనసాగిస్తే ఏం పోతుంది?

దార్‌వాసి:
పదకొండేళ్లుగా దార్ ఎస్ సలామ్‌లో ఉంటున్నాను. మూడు వారాలకే తీర్పు చెప్పేశారే! భాష ఒక్కటే కాదండీ సమస్య. 2004 తర్వాత వార్డుకో హైస్కూల్ చొప్పున కట్టారు, వాటిని 'షూలె జా కాటా' అంటారు. గోడలైతే లేచాయి గానీ సైన్స్ చెప్పేవాళ్లు, ల్యాబులు ఆ వేగంతో రాలేదు. 2016 నుంచి ఫారం ఫోర్ దాకా ఫీజు తీసేశారు. మంచి పనే. కానీ పిల్లలు వెల్లువలా వచ్చిపడ్డారు. కిక్కిరిసిన గదిలో ఏ భాషలో చెప్పినా వెనక బెంచీకి వినపడదు.

ఇంకో మాట. మ్వాంజా చుట్టుపక్కల పల్లెల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది సుకుమా. వాళ్లకి స్వాహిలీ కూడా ఇంటి భాష కాదు.

రిటైర్డ్‌మాస్టారు:
ఇంటి భాష కాకపోయినా వీధి భాష, రేడియో భాష, బడిలో ఏడేళ్లు చదివిన భాష. ఇంగ్లీష్‌తో దానికి పోలికేమిటి? నూటికి పైగా భాషలున్న దేశాన్ని మొదటి అధ్యక్షుడు నైరేరే స్వాహిలీతో కలిపి ఉంచారు. ఆయన్ని జనం 'మ్వాలిము' అంటారు, అంటే మాస్టారే. (ఆ పిలుపు వింటే నాకు కొంచెం గర్వం, ఏమనుకోకండి.) 1967 నుంచి ప్రైమరీ అంతా స్వాహిలీ అయింది, హైస్కూల్ గుమ్మం దగ్గర ఆగిపోయింది. 2015లో విడుదల చేసిన విద్యావిధానం అన్ని స్థాయిల్లోనూ స్వాహిలీ అంది. అమలు మాత్రం కాలేదు.

మాటలు లేవనే సాకు కూడా చెల్లదు. ఫొటోసింథసిస్‌కి 'ఉసానిసినూరు' అనే మాట ఉంది, మన కిరణజన్య సంయోగక్రియ కంటే పొట్టిది. 2012 ఫారం ఫోర్ పరీక్షల్లో, మొదట ప్రకటించిన ఫలితాల ప్రకారం, పదిమందిలో ఆరుగురు తప్పారు. ప్రధాని విచారణ కమిటీ వేయాల్సి వచ్చింది.

ఇంటర్‌బాధితురాలు:
మాస్టారూ, నాది ఆ అమ్మాయి కథే. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇంటర్‌లో ఇంగ్లీష్. త్వరణం అంటే తెలుసు, యాక్సిలరేషన్ అంటే బిక్కమొహం. మా లెక్చరర్ తెలుగులో చెప్పి బోర్డు మీద ఇంగ్లీష్‌లో రాసేవారు. పరీక్ష మాత్రం బోర్డు మీదున్న దానిలోనే! మొదటి ఆరు నెలలూ టెన్షన్‌తో బట్టీ పట్టడమే. టాంజానియాలోనూ చాలామంది టీచర్లు అచ్చం ఇలాగే చెబుతారు.

అలాగని ఇంగ్లీష్ వద్దనను, నాకు అన్నం పెట్టింది అదే. ఒక్క వేసవి సెలవుల్లో మీడియం మార్చేయడం మీదే నా కోపం. ఆంధ్రాలో 2020 తర్వాత ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీష్‌గా పుస్తకాలు ఇచ్చారు కదా. అలాంటిది ఫారం వన్, టూలకి ఇచ్చి, పిల్లలు ఏ భాషలో జవాబు రాసినా మార్కులు వేస్తే సరి.

దార్‌వాసి:
ఇది నచ్చింది. పూర్తి స్వాహిలీ అంటే మాత్రం ఇక్కడి తల్లిదండ్రులే అడ్డం పడతారు. హోటళ్లలో మంచి ఉద్యోగాలు ఇంగ్లీష్ వచ్చిన కెన్యావాళ్లు ఎగరేసుకుపోతున్నారని మా ఆఫీసులో రోజూ వినే గొడవ.

గోదారిగట్టు:
అడగొచ్చో లేదో, మీ పిల్లలు?

దార్‌వాసి:
నర్సరీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. ఇక్కడ డబ్బున్నవాళ్లంతా అంతే. మరి మీవాళ్లు?

గోదారిగట్టు:
కూకట్‌పల్లిలో చదువుతున్నారు. ఈ చర్చ చదివి వినిపించమంటే వాళ్లకి రాదు లెండి.